ఒక మనిషి, రెండు ఫోనులు, ఒకే నెంబరు

జేబులో ఒక ఫోనును, ప్రయాణము చేయు కారులో బిగించిన వేఱొక ఫోనును గల మనిషి, ఆ రెండింటికిని కలిపి ఒకే నెంబరు ఉండవలెనని కోరుకొనినచో, ఆ కోరిక తీర్చుట సాధ్యమా, సాధ్యమైనచో ఏ విధమున సాధ్యము, అంత సులభముగా కనబడు కోరిక దశాబ్దములపాటు ఎందులకు తీరకయుండెను అను విషయమును గూర్చి ఈ పూట మీతో ముచ్చటింప దలచితిని. పైకి ఇది ఇంజనీర్లకు మాత్రమే పట్టు చిన్న విషయముగా తోపవచ్చును. కాని దీని అడుగున ఒక పెద్ద ప్రశ్న కలదు. టెలిఫోను నెంబరు ఎవరిది? యంత్రముదా, ఆ యంత్రమును చేతబట్టిన మనిషిదా? నెంబరు మనిషిదే కావలెనని నేను గట్టిగా నమ్ముచున్నాను. మనము ఫోను చేయునది ఒక పెట్టెతో మాటలాడుటకు గాదు. ఒక తండ్రితో, ఒక వైద్యునితో, ఒక స్నేహితునితో మాటలాడుటకు. అతడు ఇంటనున్నాడా, బాటలోనున్నాడా, ఏ పరికరము ఆ నిమిషమున అతని చెంతనున్నది అని విచారించు భారము పిలుచువానిపై పడరాదు. ఈ చిన్న న్యాయము నెఱవేఱుటకు లోకమునకు దాదాపు అర్ధశతాబ్దము పట్టినది.

ఇంటి గోడకు తీగ బిగించిన ఫోను కాలమున ఈ ప్రశ్న పుట్టనేలేదు. తీగ ఎచ్చట ముగియునో నెంబరు అచ్చటిది; అది ఇంటిది, ఇంటిలోనివారందఱిది. ఒకే తీగకు ముందుగదిలో ఒక పరికరమును, పడకగదిలో ఒక పరికరమును తగిలించి, రెండును ఒక్కసారి మ్రోగునట్లు చేయుట ఏ లైనుమానుకైనను చేతనైన పని. తీగను విడిచి మాట ఆకాశమార్గమున పోవ నారంభించిన పిదపనే చిక్కు వచ్చినది.

ఆకాశమార్గమున నడచిన తొలినాటి ప్రజాటెలిఫోనులు చేతిలోనివి కావు, కారులోనివి. 1946 జూన్ 17వ తేదీన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమునందలి సెయింట్ లూయిస్ నగరమున, బెల్ టెలిఫోను వ్యవస్థవారు కదలుచున్న వాహనమునుండి సామాన్య టెలిఫోనుకు మాటలాడు సదుపాయమును ప్రారంభించిరి. ఆ పరికరము బరువు సుమారు 80 పౌండ్లు, అనగా 36 కిలోలు. దాని ప్రధానభాగమును కారు డిక్కీలో అమర్చి, రిసీవరును మాత్రము డ్రైవరు చేతికందునట్లు ముందు తగిలించెడివారు. నెంబరు త్రిప్పు వీలు లేదు. ఆపరేటరును పిలిచి, నాకు ఫలానావారు కావలెనని అడుగవలెను. మాటలాడునంతసేపు మీట నొక్కిపట్టి, వినునప్పుడు వదలివేయవలెను. ఊరంతటికిని కలిపి మొదట వాడుకకు వచ్చిన మార్గములు మూడు మాత్రమే గావున, నాలుగవవాడు మాటలాడదలచినచో ముందు మాటలాడువారిలో ఒకరు ముగించువఱకు కాచుకొనియుండవలసినదే. ఆ ఇఱుకు పిమ్మట కూడ అంతగా తగ్గలేదు. 1976 నాటికి సైతము, అంత మహానగరమైన న్యూయార్కులో బెల్ వారికి ఉన్నవి 12 మార్గములు. చందాదారులు 500 పైచిలుకు. పేరు వ్రాయించుకొని తమ వంతునకై వేచియున్నవారు 3,000కు మించిరి.

ఈ ఇఱుకునకు మందు 1947 డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలకు చెందిన డగ్లస్ రింగ్ కాగితముమీద వ్రాసియుంచెను. నగరమును చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి తక్కువ శక్తిగల ప్రసారకేంద్రము నొకదానిని నిలిపినచో, ఒక గడిలో వాడిన మార్గమునే కొంత దూరమునగల మఱియొక గడిలో మరల వాడుకొనవచ్చునని అతని ఊహ. ఆ ఊహ ఆచరణలోనికి వచ్చుటకు 36 సంవత్సరములు పట్టెను. 1973 ఏప్రిల్ 3వ తేదీన మోటరోలా సంస్థకు చెందిన మార్టిన్ కూపర్ న్యూయార్కు వీథిలో నిలిచి, కిలోకు పైబడిన బరువుగల ఫోనును చేతబట్టి, తమకు పోటీయైన బెల్ ప్రయోగశాలలోని జోయెల్ ఎంగెల్‌ను పిలిచి మాటలాడెను. అయినను, 1983 అక్టోబరు 13వ తేదీన షికాగో నగరమున గడుల పద్ధతిపై నడచు ఫోను వ్యాపారమునకు అమెరికాలో ప్రారంభోత్సవము జరిగినప్పుడు, ఆ తొలి పిలుపు సైతము కారులోనుండియే వెళ్లినది. చేతిఫోను పుట్టి పదేండ్లయినను, ఫోను ఇంకను కారునే తన ఇల్లుగా చేసికొనియుండెను.

దానికి కారణము శక్తి. ఆ కాలపు అమెరికా పద్ధతిలో కారుఫోను 3 వాట్ల శక్తితో ప్రసారము చేయగా, చేతిఫోనుకు 0.6 వాటు మాత్రమే విధింపబడినది. అనగా ఐదింట ఒక వంతు. పైగా కారుఫోనుకు పైకప్పుమీద నిలువుగా ఆంటెన్నా ఉండును. కారు బాటరీ నుండి కావలసినంత విద్యుత్తు లభించును. చేతిఫోనో, ఇనుప రేకుల కారులో కూర్చుండి మాటలాడినచో దాని బలహీనమైన కేక ఆ రేకుల నడుమనే సగము చిక్కుకొనిపోవును. 1984లో అంగడికి వచ్చిన మోటరోలా డైనాటాక్ ఫోను వెల దాదాపు 4,000 డాలర్లు. ఇంత వెల పోసి కొనిన ఫోనులో అరగంట మాటలాడునప్పటికి బాటరీ అడుగంటెడిది. గడులు ఇంకను పలుచగా ఉన్న ఆ రోజులలో, ఊరి పొలిమేర దాటిన పిదప కారుఫోను పలికిన చోట చేతిఫోను మూగవోయెడిది. కాబట్టి పని గలవాడు రెండును ఉంచుకొనవలసి వచ్చెను. దారిలో మాటలాడుటకు కారుఫోను. కారు దిగి కట్టడము పనివద్దకో, న్యాయస్థానమునకో, ఆసుపత్రికో నడచిపోవునప్పుడు చేతిఫోను.

ఫోనులు రెండైనప్పుడు నెంబర్లును రెండైనవి, చందాలును రెండైనవి. పిలుచువాడు మొదట కారు నెంబరునకు చేసి, అది మ్రోగి మ్రోగి ఆగిన పిదప రెండవ నెంబరును వెదకికొని మరల ప్రయత్నింపవలెను. ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు కొందఱు కారులో ఒక తొట్టివంటి అమరికను బిగించుకొని, చేతిఫోనును అందులో ఉంచినంతనే దాని 0.6 వాటు శక్తి 3 వాట్లుగా హెచ్చి పైకప్పు ఆంటెన్నాగుండ పోవునట్లు చేసికొనిరి. ఇది మంచి ఉపాయము. ఫోను ఒక్కటే, నెంబరు ఒక్కటే. కారు దానికి గొంతు నిచ్చుచున్నది. కాని అప్పటికే కారులో వేలు పోసి ఫోను బిగించుకొనినవాడు దానిని పెఱికివేయుటకు ఇష్టపడలేదు. అతడు అడిగినది మఱియొకటి: నాకున్న రెండు ఫోనులును ఒకే నెంబరునకు పలుకవలెను.

ఇచ్చట యంత్రరహస్యము కొంచెము తెలిసికొనక తప్పదు. ఆనాటి పద్ధతిలో ప్రతి ఫోనునకును రెండు గుర్తులుండెను. ఒకటి పది అంకెల మొబైలు నెంబరు. రెండవది తయారుచేసిన కర్మాగారములో లోపల పొదిగిన క్రమసంఖ్య. ఇది ప్రపంచములో ఏ రెండు ఫోనులకును ఒకటిగా ఉండరాదు. ఫోను వెలిగించినప్పుడును, పిలుపు చేయునప్పుడును అది ఈ రెండు గుర్తులను టవరునకు వినిపించును. ఎక్స్ఛేంజిలోని యంత్రము, ఈ నెంబరునకు ఈ క్రమసంఖ్య జతపడినదా యని తన పట్టికలో సరిచూచుకొని, జతపడినచో దారి యిచ్చును. నెంబరునకును యంత్రమునకును వేసిన ముడి ఇదియే. ఈ ముడివలన ఒక నెంబరు ఒక యంత్రమునకు మాత్రమే చెల్లును. రెండవ ఫోనులో అదే నెంబరు వ్రాసినను దాని క్రమసంఖ్య వేఱగుటచేత వ్యవస్థ దానిని త్రోసిపుచ్చును.

ముడి యున్నచోట దానిని విప్పువారును పుట్టుదురు గదా. 1990ల తొలినాళ్లలో అమెరికాలో కొన్ని చిన్న సంస్థలు, రెండవ ఫోను లోపలి క్రమసంఖ్యను చెఱిపి, మొదటి ఫోను క్రమసంఖ్యనే దానిలో వ్రాసియిచ్చు వ్యాపారము ప్రారంభించినవి. అప్పుడు రెండు ఫోనులును వ్యవస్థ కంటికి ఒక్కటియే. రెండవ చందా కట్టనక్కఱలేదు. ఇంటిలో ముందుగదికిని పడకగదికిని ఒకే తీగను పంచుకొనుటకును దీనికిని భేదమేమి యని ఆ సంస్థలు వాదించినవి. వినుటకు వాదము బాగుగనే యున్నది. కాని గాలిలో తీగ లేదు. పిలుపు వచ్చినప్పుడు టవరులన్నియు ఆ నెంబరును ఎలుగెత్తి చాటును. విన్న ఫోను నేనున్నానని బదులు పలుకవలెను. రెండు ఫోనులును ఒక్కసారి వెలిగియున్నచో రెండును ఒకేమాఱు బదులు పలికి ఒకదాని మాట నొకటి చెఱచుకొనును. ఒకటి తూర్పు శివారులో, ఒకటి పడమటి శివారులో ఉన్నచో ఏది నిజమైనదో ఎక్స్ఛేంజి నిర్ణయింపజాలదు. అందువలన ఒక ఫోనును ఆర్పిన పిదపనే రెండవదానిని వెలిగింపుడని ఆ సంస్థలే వినియోగదారులకు చెప్పవలసి వచ్చెను.

అంతకంటె పెద్ద ఆపద వేఱొకటి. ఆ రెండు గుర్తులును గాలిలో ఏ మఱుగును లేక పోవుచుండెడివి. దొంగలు రహదారుల ప్రక్కను, విమానాశ్రయముల చెంతను మాటువేసి, పోవు కారుల ఫోనులు పలుకు గుర్తులను యంత్రములతో పట్టి, వానిని వేఱు ఫోనులలో వ్రాసి, విదేశములకు గంటలకొలది మాటలాడి, ఆ ఖర్చంతయు అమాయకుని బిల్లులో చేర్చుచుండిరి. ఆ దొంగ చేయు పనికిని, న్యాయముగా తన రెండవ ఫోనునకు నెంబరు పంచుకొనగోరిన గృహస్థుని పక్షమున మరమ్మతువాడు చేయు పనికిని, యంత్రము దృష్టిలో లేశమైనను భేదము లేదు. ఇద్దఱును క్రమసంఖ్యను మార్చినవారే. కావున అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను 1995 జనవరినుండి అమలులోనికి వచ్చిన నియమములలో, కర్మాగారము వ్రాసిన క్రమసంఖ్యను మార్చుట నిషిద్ధమని శాసించెను. 1998లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టము, అట్టి పనికి వాడు పరికరములను దగ్గఱ ఉంచుకొనుటనే నేరముగా పరిగణించెను.

ఈ శాసనమును నేను తప్పుపట్టను. నెంబరు మనిషికి గుర్తు కావలెనన్నచో ఆ గుర్తును ఎవడుపడిన వాడు చెఱిపి వ్రాయుటకు వీలుండరాదు. కాని చందాదారుని కోరిక అన్యాయమైనది కాదనియు చెప్పక తప్పదు. అతడు దొంగతనము చేయదలచినవాడు కాడు. తనను పిలుచువారి శ్రమ తగ్గింపగోరినవాడు. అతనికి ఒక ద్వారము మూసినప్పుడు వేఱొక ద్వారము తెఱచుట వ్యవస్థ నడపువారి ధర్మము. రెండు ఫోనులను యంత్రములో కలుపరాదు, నిజమే. కాని ఎక్స్ఛేంజిలో కలుపవచ్చును. ఒక నెంబరునకు పిలుపు వచ్చినప్పుడు, వేఱువేఱు గుర్తులు గల రెండు ఫోనులను ఎక్స్ఛేంజియే మ్రోగించి, ముందెత్తినవానికి దారి యిచ్చి, రెండవదానిని ఆపివేయు విధానము అమెరికా ప్రమాణములలో కాలక్రమమున చేరినది. పని చేయవలసిన చోటు ఎక్స్ఛేంజి. చేతులు పెట్టిన చోటు ఫోను. ఆ దశాబ్దపు తగవంతయు ఈ ఒక్క పొరపాటునుండి పుట్టినదని నా అభిప్రాయము.

సముద్రమునకు ఆవలి ఒడ్డున, జర్మనీలో, ఇదే ప్రశ్నకు సమాధానము మఱియొక దారిని వచ్చినది. 1972లో పశ్చిమ జర్మనీ తపాలాశాఖవారు ప్రారంభించిన బి-నెట్జ్ అను కారుఫోను వ్యవస్థలో పిలుచువాని పాట్లు వినదగినవి. తాను పిలువదలచిన కారు ఆ సమయమున దేశములో ఏ ప్రాంతమున తిరుగుచున్నదో అతడు ముందుగా తెలిసికొనవలెను. ఆ ప్రాంతపు సంకేతసంఖ్యను త్రిప్పి, పిదప కారు నెంబరును త్రిప్పవలెను. మిత్రుడు హాంబర్గు నుండి మ్యూనిక్కునకు బయలుదేరినచో, అతడు ఇప్పుడు ఏ ఊరి దాపున ఉండునో లెక్కవేసి వరుసగా ప్రయత్నింపవలసినదే. 1985లో వచ్చిన సి-నెట్జ్ ఈ బాధను తీర్చినది. దేశమంతటికిని 0161 అను ఒకే సంకేతము. ఫోను ఎక్కడనున్నదో వెదకికొనుట వ్యవస్థ పని. దీనికంటె గొప్పమార్పు ఇంకొకటి ఆ వ్యవస్థలో జరిగినది. చందాదారునికి ఒక కార్డు నిచ్చిరి. మొదట దానికి అయస్కాంతపు పట్టీ, కొంతకాలమునకు చిప్పు. నెంబరు ఫోనులో లేదు, కార్డులో నున్నది. ఆ కార్డును ఏ కారుఫోనులో దూర్చినచో ఆ ఫోను నీదగును. తీసివేసినంతనే అది ఎవరిదియు కాని వట్టి పెట్టె. నెంబరును యంత్రమునుండి విడదీసి మనిషి జేబులో పెట్టిన ఈ ఆలోచనను, అంతగా పేరు రాకున్నను, టెలిఫోను చరిత్రలోని మేలిమి ఆలోచనలలో ఒకటిగా నేను తలచెదను.

యూరపు దేశములు కలిసి తీర్చిదిద్దిన జి.ఎస్.ఎం. పద్ధతి ఈ కార్డునే తన పునాదిగా గైకొన్నది. 1991 జూలై 1వ తేదీన ఫిన్లండు మాజీ ప్రధానమంత్రి హారి హోల్కెరి ఆ పద్ధతిపై తొలి పిలుపు చేసెను. నేడు మనమందఱము సిమ్ అని పిలుచు కార్డు అదియే. మొదట అది బ్యాంకు కార్డంత పెద్దదిగా నుండెను. పిదప గోరంతకు కుదించుకొనిపోయినది. అందులో 15 అంకెల గుర్తింపుసంఖ్య యొకటి, ఎన్నడును బయటికి పలుకరాని రహస్యసంఖ్య యొకటి ఉండును. వ్యవస్థ ప్రతిమాఱు ఒక క్రొత్త ప్రశ్నను పంపును. కార్డు తన రహస్యముతో దానిని కలిపి లెక్కవేసి జవాబు మాత్రమే తిరిగి పంపును. రహస్యము గాలిలోనికి రాదు. కావున రహదారి ప్రక్క మాటువేసిన దొంగకు ఆ జవాబు వినబడినను, మఱునాటి ప్రశ్నకు అది పనికిరాదు.

ఇంకొక సూక్ష్మము గమనింపదగినది. లోకులు త్రిప్పు ఫోను నెంబరు వేఱు, కార్డులోని 15 అంకెల సంఖ్య వేఱు. ఈ రెంటిని జతపఱచునది హోమ్ లొకేషన్ రిజిస్టరు అను పట్టిక. పల్లెటూరిలో ఒకనికై వచ్చిన బంధువు ఊరంతయు గాలింపక నేరుగా ఇంటికి పోయి అడుగగా, అరుగుమీద కూర్చుండిన తాతగారు, మావాడు ఈ పూట సంతకు పోయినాడు, అక్కడ చూడుమని చెప్పినట్లు, ఆ పట్టిక ప్రతి కార్డును ఏ సీమలో నున్నదో ఎల్లప్పుడును కనిపెట్టియుండి పిలుపునకు దారి చూపును. అట్లయినప్పుడు ఒకే ఫోను నెంబరునకు ఎదురుగా రెండు కార్డుల పేరులు వ్రాసినచో ఏమి? ఒకటి చేతిఫోనులో, ఒకటి కారుఫోనులో. ఇట్టి జంటకార్డులను యూరపులో పలు సంస్థలు చందాదారుల కిచ్చినవి. జర్మనీలో వీనిని టి-మొబైల్ మల్టీసిమ్ అను పేరుతోను, వోడాఫోన్ అల్ట్రాకార్డ్ అను పేరుతోను అమ్మినవి. పిలుపు వచ్చినప్పుడు ఫోనులు కలిసి మ్రోగును; ఎస్.ఎం.ఎస్. మాత్రము చందాదారుడు ఎన్నుకొనిన ఒక కార్డునకే చేరును. అమెరికాలో మరమ్మతు దుకాణముల చాటున, చట్టమునకు భయపడుచు జరిగిన పని, ఇచ్చట పట్టికలో ఒక పంక్తి అదనముగా వ్రాయుటతో సక్రమముగా, బహిరంగముగా జరిగినది.

జంటకార్డులతో కథ ముగియలేదు. రెండవ కార్డునకు నెలనెలా రుసుము చెల్లింపవలెను గదా, ఒక్క కార్డుతోనే రెండు ఫోనులను నడుపరాదా యను ప్రశ్న పుట్టెను. దానికి జవాబు బ్లూటూత్ పద్ధతిలోని సిమ్ యాక్సెస్ ప్రొఫైల్. మనిషి జేబులో ఫోనుతో కారెక్కును. కారులోని ఫోను జేబులోని ఫోనును పలుకరించి, నీ కార్డు నాకు చదువుటకిమ్మని అడుగును. చేతిఫోను తన ప్రసారమును ఆపివేసి మౌనము వహించును. కార్డు దాని పొట్టలోనే యుండగా, టవరు అడిగిన ప్రశ్నలను కారుఫోను బ్లూటూత్‌గుండ ఆ కార్డునకు చేరవేసి, జవాబు తెచ్చి టవరునకు వినిపించును. వ్యవస్థ దృష్టిలో ఇప్పుడు ఆ నెంబరు కారుఫోనుది. ప్రయాణము ముగిసి మనిషి దిగిపోయినంతనే నెంబరు అతనితోపాటు జేబులోనికి తిరిగివచ్చును. కార్డు రహస్యములకు సంబంధించిన వ్యవహార మగుటచేత, ఈ రెండింటికిని మొదటిసారి చెలిమి కలుపునప్పుడు నాలుగంకెలు చాలవు. 16 అంకెల సంకేతము కొట్టవలెను. ఎంత చక్కని ఏర్పాటు! చేతిఫోనునకు 900 మెగాహెర్ట్జుల పట్టీలో 2 వాట్లు చెల్లగా, వాహనమునకు 8 వాట్లవఱకు ప్రమాణములు అనుమతించినవి. పైగా పైకప్పు ఆంటెన్నా. అడవిదారులలోను కనుమలలోను ఇది కొట్టవచ్చినట్లు కనబడు భేదము.

అయినను ఆ ఏర్పాటు నిలువలేదు. నోకియా ఫోనులు దీనిని ఆదరించినవి. ఐఫోను ఎన్నడును ఆదరింపలేదు. చేతిఫోను ప్రసారము ఆగిపోవుటవలన అందులోని ఇంటర్నెట్టు సైతము ప్రయాణము ముగియువఱకు స్తంభించెడిది; ఫోను మాటలకంటె అందులోని తక్కిన వ్యాపకములే ఎక్కువైన కాలమున జనులు దానిని సహింపలేదు. టవరులు దట్టమైనవి. ప్రసారమంతయు చేతిఫోనే చేయగా, కారు దాని మాటను తన స్పీకరులో వినిపించి, మన మాటను తన మైకులో అందుకొను సులభమైన హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతియే లోకమును గెలిచినది. రెండు ఫోనుల సమస్య, రెండవ ఫోను మాయమగుటచేత తీరినది.

మన దేశమున ఈ కథలోని తొలి అంకములు సామాన్య జనులవఱకు రాలేదు. 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడినప్పుడు మనకు వచ్చినది కార్డు గల జి.ఎస్.ఎం. పద్ధతియే. కాని 2003 ప్రాంతమున రిలయన్సు, టాటా ఇండికామ్ సంస్థల సి.డి.ఎం.ఎ. ఫోనులను కొనినవారికి, నెంబరు యంత్రములో బిగిసిపోవుట యనగా నేమో అనుభవమే. ఆ తొలి ఫోనులలో తీసి మార్చుకొను కార్డు లేదు. ఫోను పాడైనచో క్రొత్త ఫోనులో ఆ నెంబరును సంస్థవారే ఎక్కింపవలెను. 2011 జనవరి 20వ తేదీనుండి సంస్థను మార్చినను నెంబరును వెంటదీసికొనిపోవు హక్కు దేశమంతటను అమలులోనికి వచ్చినది. నెంబరు యంత్రమునుండి విడివడుట మొదటి మెట్టు కాగా, సంస్థనుండి సైతము విడివడుట రెండవ మెట్టు.

కారులో మాటలాడుటను గూర్చి ఇంతసేపు చెప్పి, అందలి ప్రమాదమును చెప్పకుండుట న్యాయము కాదు. 1997లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రికలో రెడెల్మయర్, టిబ్షిరాని అను పండితులు టొరంటో నగరమున ప్రమాదములకు లోనైన, ఫోను గల 699 మంది డ్రైవర్లను పరిశీలించి వ్రాసిరి. ఫోనులో మాటలాడు సమయమున ప్రమాదపు అవకాశము నాలుగింతలగుచున్నదనియు, చేతితో పట్టుకొననక్కఱలేని ఫోను వాడినవారికి దానివలన చెప్పుకొనదగిన రక్షణ యేదియు కనబడలేదనియు వారు తేల్చిరి. చెదరునది చేయి కాదు, మనస్సు. మన మోటారు వాహనముల చట్టములోని 184వ సెక్షను, 2019 సవరణ ననుసరించి, చేతిఫోను పట్టుకొని బండి నడుపుటను ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చి, మొదటి నేరమునకే ఆరు నెలలనుండి ఒక సంవత్సరమువఱకు జైలుగాని, 1,000 నుండి 5,000 రూపాయలవఱకు జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది. చట్టము చేతిని మాత్రమే పట్టగలదు. కావున పిలుచువారికి నా విన్నపము: అవతలివాడు బండి నడుపుచున్నాడని తెలిసిన మరుక్షణమున, పిదప మాటలాడెదమని చెప్పి మీరే ముందు పెట్టివేయుడు. నెంబరు ఒక్కటైనందువలన అతడు ఎల్లవేళల దొరకును గాని, ఎల్లవేళల మాటలాడదగిన స్థితిలో నుండడు.

ఒక నెంబరునకు రెండు పరికరములు కావలెనను కోరిక నేడు వేఱు వేషమున తిరిగివచ్చినది. 2018లో మన దేశమున జియో, ఎయిర్‌టెల్ సంస్థలు, చేతిగడియారములో పొదిగిన ఈ-సిమ్‌నకు జేబుఫోను నెంబరునే కలిపియిచ్చు సేవను ప్రారంభించినవి. అది జంటకార్డుకు తమ్ముడు. కారునకేమో తన సొంత నెంబరు వచ్చినది, కాని అది మనుష్యులు పిలుచునది కాదు. యంత్రములు యంత్రములతో మాటలాడు సిమ్‌లకు మన ప్రభుత్వము 2018 జూలైనుండి 13 అంకెల నెంబర్లను కేటాయించినది. అదే సంవత్సరము మార్చి 31నుండి యూరపులో క్రొత్త నమూనా కారులన్నింటను, ఢీకొనినంతనే తనంతట అత్యవసర నెంబరగు 112కు ఫోను చేయు పరికరము తప్పనిసరి యైనది. కారులో బిగించిన ఫోను చేయదగిన పనులలో ఇంతకంటె మంచిది వేఱొకటి నాకు తోపదు.

ఇంకను ఒక వర్గమువారికి పాత కోరిక పాతగనే మిగిలియున్నది. పాడేరు మన్యములోనో, నల్లమల అడవులలో శ్రీశైలము దారినో తిరుగు వైద్యునికి, ఒక సంస్థ టవరు అందినచోట వేఱొక సంస్థది అందదు. అతడు రెండు సంస్థల నెంబర్లను ఉంచుకొనక తప్పదు. అతనికి దారి కాల్ ఫార్వర్డింగు: మొదటి నెంబరు అందనప్పుడు మాత్రమే పిలుపు రెండవ నెంబరునకు మఱలునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఇక్కడను దొంగలు ముందే చేరిరి. టెలిఫోను సంస్థనుండి మాటలాడుచున్నామని నమ్మించి, *401# మొదలగు సంకేతములతో తమ నెంబరును కొట్టించి, అమాయకుల పిలుపులన్నియు తమవైపు త్రిప్పుకొని, బ్యాంకువారు ఫోనులో చెప్పు రహస్యసంకేతములను కాజేయసాగిరి. అందువలన కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15నుండి అట్టి సంకేతములు కొట్టి పిలుపులను మఱలించు పద్ధతిని నిలిపివేయుడని సంస్థలను ఆదేశించి, వేఱు మార్గములలో ఆ సేవను తిరిగి యిచ్చుటకు వీలుంచెను. అమెరికాలో 1995లో జరిగిన కథయే ఇది. ఒక ద్వారము మూయబడినది, న్యాయముగా కోరువానికై వేఱొకటి తెఱచియుంచబడినది. కనుక ఆ అవసరము గలవారు, అపరిచితులు చెప్పిన సంకేతములను ఎన్నడును కొట్టక, తమ సంస్థవారి కార్యాలయమునకు స్వయముగా పోయి, అందనప్పుడు మాత్రమే పిలుపు మఱలవలెనని స్పష్టముగా అడిగి, దానికి వేఱు రుసుము కలదో లేదో తెలిసికొని, ఏర్పాటు చేయించుకొనుడు. చేయించుకొనిన పిదప మొదటి ఫోనును ఆర్పి, ఇంటివారిచేత ఒకసారి పిలిపించి, రెండవది మ్రోగుచున్నదో లేదో సరిచూచుకొనుడు.